తిలంగా ఏడి?

మా అక్క కొడుకుది దోమ. పరిగి దగ్గర మండల కేంద్రం. పేరు విని నవ్వేవాళ్ళకు ఆ ఊరివాళ్ళు ఎప్పుడో అలవాటు పడిపోయారు. పిల్లవాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంట్లో ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ఒకటుంది. కొత్త ఆటలను అది మొయ్యలేదు కాబట్టి పాత ఆటే ఆడతాడు. 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' మూడవది. 2005లో వచ్చింది. 2007లో 'ది ఏషియన్ డైనాస్టీస్' అని దానికి అనుబంధం వచ్చింది. దాంతో చైనా, జపాన్‌లతో పాటు ఇండియా కూడా ఆటలో చేరింది. ఒక దేశాన్ని ఎంచుకోవాలి. ఇళ్ళు కట్టాలి, పంట తియ్యాలి, కట్టెలు కొట్టించాలి, ఫౌజును తయారుచేసుకుని పక్కవాడి మీద పడాలి. అదీ ఆట.

బక్రీదుకు పోయినప్పుడు చూశాను. వాడూ, ల్యాప్‌టాప్ తెచ్చుకున్న వాడి దోస్తూ ఎదురెదురుగా కూచుని ఆడుతున్నారు. దోస్తు ఇండియన్స్ తీసుకున్నాడు. మావాడు ఒట్టోమన్స్. మరో ఆట మొదలైంది. మళ్ళీ అంతే. "ఎప్పుడూ ఒట్టోమన్సేనారా?" అని అడిగాను. దోస్తే నవ్వుకుంట జవాబు చెప్పాడు: "గంతే సార్, వాళ్ళది తురక దేశం గద." ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. మా అక్క చేతి షీర్ ఖుర్మా తిని పెరిగినవాడే. ఆ మాట అనడానికి కసి ఏమీ అక్కర్లేకపోయింది. నన్ను బాధించింది అదే. మావాడు తల ఎత్తకుండానే అన్నాడు: "ఇండియన్స్‌ల మనోళ్ళు లేరు మామూ. నువ్వే చూస్కో."

చూశాను. నెల రోజులు కూచుని చూశాను. కథలో, సినిమాలో ముస్లిం పాత్ర ఎక్కడుందో వెతుక్కోవడం మాకు కొత్త కాదు. అత్తరు పూసుకున్న నవాబు, ప్రాణమిచ్చే నమ్మకమైన నౌకరు, బాంబు పెట్టేవాడు. ఈ మూడు మూసల గురించి ఎంతో రాశాం. కానీ మా పిల్లలు ఇప్పుడు కథలు చదవడం లేదు. దేశం అంటే ఏమిటో, అందులో ఎవరెవరు ఉంటారో ఈ ఆటల్లో నేర్చుకుంటున్నారు. కాబట్టి నవలను చదివినట్టే ఆటనూ చదవాలి.

ఆ ఆటలో ఇండియా ఎట్లా ఉంది? రాజధాని ఢిల్లీ. నాయకుడు అక్బర్. కట్టుకోవలసిన అద్భుత కట్టడాలు ఐదు. వాటిలో తాజ్‌మహల్, ఆగ్రా కోట, మన చార్మినార్ ఉన్నాయి. అక్బర్ 1605లో చనిపోయాడు. చార్మినార్‌ను 1591లో కట్టించింది కులీ కుతుబ్‌షా. గోల్కొండ మొఘలుల చేతికి పోయింది 1687లో. అక్బర్ కలలో కూడా చార్మినార్‌కు యజమాని కాడు. ఆటలో మాత్రం ఒక్క క్లిక్కుతో అయిపోతాడు. సరే, పోనీ. కట్టడాలు మావి, పాదుషా మావాడు. ఇక మనుషులను చూద్దాం. దేశం చుట్టూ తిరిగి దారులు కనిపెట్టేది, గాయపడ్డవాళ్ళను నయం చేసేది ఏనుగెక్కిన బ్రాహ్మణుడు. మిగతా దేశాలవాళ్ళలో చాలామంది ఆవును కోసుకు తింటారు. ఇండియన్లు కోయలేరు. పవిత్ర క్షేత్రం అని ఒకటి కట్టి ఆవును అందులో నిలబెడితే పుణ్యం లాగా పాయింట్లు వస్తాయి. కాల్బలంలో ముగ్గురు: సిపాయి, రాజ్‌పుత్, గూర్ఖా. ఒంటెల మీద సవారు, జంబూరక్. వెనక ఏనుగులు.

సిపాయి, సవారు, జంబూరక్. మాటలన్నీ పారశీకం నుంచి వచ్చినవే. మాటలు ఉన్నాయి, వాటిని మోసిన మనుషులు లేరు. సిపాయి ఎవరైనా కావచ్చు గదా అని వాదించవచ్చు. కావచ్చు. కానీ రాజ్‌పుత్‌కు కులం చెప్పారు, గూర్ఖాకు జాతి చెప్పారు, బ్రాహ్మణుడికి వర్ణం చెప్పారు. ఒక్క సిపాయి దగ్గరికి వచ్చేసరికి 'ఎవరైనా' అయిపోయాడు. అక్బర్ పాదుషాగా ఉన్న దేశంలో గోమాంసం తినేవాడు, మసీదుకు పోయేవాడు, ఏ అబ్దుల్లానో ఏ దస్తగిరో, వరసలో నిలబడ్డవాడిగా ఒక్కడూ కనిపించడు. మసీదు గోపురం కావాలి. దానికింద నమాజు చేసేవాడు వద్దు. ఇది ఆట తయారుచేసిన అమెరికావాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు. మన టూరిజం పోస్టర్లు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

ఇక్కడ గూర్ఖా దగ్గర కాస్త ఆగాలి. నా అసలు ఫిర్యాదు అక్కడే ఉంది.

యుద్ధశాస్త్రంలో కాల్బలం రెండు రకాలు. ఒకటి భుజం భుజం కలిపి వరసలో నిలబడి, ఆఫీసరు అరిస్తే అందరూ ఒక్కసారే కాల్చేది. రెండోది లైట్ ఇన్‌ఫాంట్రీ. తెలుగులో తేలిక కాల్బలం అందాం. వీళ్ళు వరసకు ముందు చెదిరిపోయి నడుస్తారు. చెట్టు చాటు, బండ చాటు చూసుకుంటారు. ఎవడికి వాడు గురి చూసుకుని కాలుస్తాడు. గుర్రాలు వస్తే వెనక్కి తగ్గుతారు, పోగానే మళ్ళీ వస్తారు. కుట్టి తప్పుకునే పని. దోమ అనే పేరుకు భలే సరిపోయే యుద్ధం. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. వరసలో నిలబడేవాడికి బుద్ధి అక్కర్లేదు, విధేయత చాలు. తేలిక కాల్బలం మనిషికి సొంత బుద్ధి కావాలి. ఎప్పుడు కాల్చాలి, ఎప్పుడు పరుగెత్తాలి, ఎక్కడ దాక్కోవాలి అన్నది వాడే తేల్చుకోవాలి. అంటే ఫౌజు వాడిని మనిషిగా నమ్మినట్టు. ఆటలో ఇండియా తరఫున ఈ నమ్మకం దక్కింది గూర్ఖాకు. దూరం నుంచి గురిపెట్టి కాలుస్తాడు, బరువైన కాల్బలాన్ని చెదరగొడతాడు, గుర్రాలకు మాత్రం దొరికిపోతాడు.

గూర్ఖాల మీద నాకేం కోపం లేదు. కానీ కంపెనీ వాళ్ళను తన ఫౌజులో చేర్చుకోవడం మొదలుపెట్టింది 1815లో, నేపాల్ యుద్ధం తర్వాత. అక్బర్ పోయి రెండు వందల పదేళ్ళు. మరి అంతకు ముందు ఈ దేశంలో తుపాకీ పట్టి నడిచిన కాల్బలం ఎవరు? వాళ్ళకు ఒక పేరుండేది. ఆ పేరు తిలంగా.

తిలంగా అంటే తెలుగుదేశపువాడు అని. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్ళూ ఇంగ్లీషువాళ్ళూ కర్ణాటక యుద్ధాల్లో కొత్త పద్ధతి తుపాకీ కవాతు నేర్పింది దక్షిణాది మనుషులకు. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిలను అక్కడి జనం తిలంగాలు అన్నారు. ఆ పేరు అంటుకుంది. తర్వాత ఉత్తరాదిలో కవాతు నేర్చిన ఏ సిపాయినైనా తిలంగా అనడం మొదలైంది. 1857లో మీరట్ నుంచి ఢిల్లీకి నడిచి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది అవధ్, భోజ్‌పూర్ ప్రాంతాలవాళ్ళు. బ్రాహ్మణులూ ఉన్నారు, రాజపుత్రులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. ఢిల్లీ ఉర్దూ కాగితాల్లో అందరినీ కలిపి రాసింది తిలంగాలు అనే. వాళ్ళలో ఒక్కడు కూడా గోదావరి నీళ్ళు తాగి ఉండడు. అయినా మన నేల పేరే ఆ ఉద్యోగానికి పేరు.

ఒక్క క్షణం ఈ మాట పక్కన ఇంకో మాట పెట్టి చూడండి. ఇక్కడ మా ఊళ్ళల్లో మమ్మల్ని తురకోళ్ళు అంటారు. తురక అంటే తుర్కీ దేశపువాడు. మా తాతలెవరూ తుర్కీని చూడలేదు. చాలామంది ఇక్కడే దూది ఏకి, చేను దున్ని, తోలు పని చేసి బతికి, ఒకనాడు కలిమా చదువుకున్నవాళ్ళే. అదే మనిషి తుపాకీ పట్టుకుని ఢిల్లీకి పోతే అక్కడి ముస్లిం పెద్దమనుషులు తిలంగా అనేవాళ్ళు. అంటే తెలుగోడు అని. ఇంట్లో ఉంటే పరదేశం పేరు, పరదేశం పోతే ఇంటిపేరు. తెలుగు ముస్లిం ఎవడు అన్న ప్రశ్నకు నాకు ఇంతకంటే పొట్టి చరిత్ర దొరకలేదు. ఈ రెండు పేర్లలో ఆట ఒకదాన్నే మా పిల్లల ముందు పెట్టింది. ఒట్టోమన్ బొత్తం నొక్కితే నిజమైన తుర్కీ సిపాయి వస్తాడు. తిలంగాకు బొత్తమే లేదు.

ఎందుకు లేదు? ఆట చేసినవాళ్ళకు కక్ష ఉందని కాదు. వాళ్ళ చేతికి అందిన జాబితా అటువంటిది. ఆ జాబితా రాసిందెవరో మనకు తెలుసు.

మద్రాసు ఫౌజులో తెలుగువాళ్ళు, తమిళులు, ముస్లింలు ఒకే కంపెనీలో పక్కపక్కనే నిలబడేవాళ్ళు. జాతికొక కంపెనీ అన్న పద్ధతి అక్కడ లేదు. ఆ ఫౌజులో తేలిక కాల్బలం పటాలాలు ప్రత్యేకంగా ఉండేవి. వాటిలో ఒకదాని పేరు 34వ చికాకోల్ లైట్ ఇన్‌ఫాంట్రీ. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం. ఒక తెలుగు ఊరి పేరు తగిలించుకున్న తేలిక కాల్బలం నిజంగా ఉండేదని పాఠకుల్లో ఎంతమందికి తెలుసు? నాకూ ఈ వెతుకులాటలోనే తెలిసింది. 1880ల కోతల్లో అది రద్దయింది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు ఫౌజుకు, ఆ తర్వాత 1893 దాకా ఇండియా మొత్తానికి సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్‌కు దక్షిణాది సిపాయి అంటే చులకన. ఉత్తరాన చలిదేశంలో పుట్టినవాళ్ళే వీరజాతులు, ఎండలో పుట్టినవాళ్ళు మెత్తబడిపోయారు అన్న సిద్ధాంతం ఆ కాలానిది. మద్రాసు పటాలాలు ఒకటొకటిగా తగ్గాయి. కొన్నిటి నెంబరు ఉంచి లోపలి మనుషులను మార్చేశారు. 10వ మద్రాసు ఇన్‌ఫాంట్రీ కథ చూడండి. 1890 తర్వాత అందులోంచి దక్షిణాదివాళ్ళు పోయారు, గూర్ఖాలు వచ్చారు. 1901కల్లా అది 10వ గూర్ఖా రైఫిల్స్ అయిపోయింది. తిలంగా చెప్పుల్లో గూర్ఖాను నిలబెట్టారని నేను పోలిక కోసం అనడం లేదు. కాగితం మీద జరిగిన సంగతే అది.

కాబట్టి రాజ్‌పుత్, గూర్ఖా అనే ఆ పట్టికను ఆటవాళ్ళు అక్బర్ కాలం నుంచి తెచ్చుకోలేదు. బ్రిటిష్ రిక్రూటింగ్ ఆఫీసు నుంచి తెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ సిద్ధాంతం పంజాబీ ముస్లింలను, పఠాన్లను వీరజాతుల్లోనే లెక్కవేసింది. కోత పడింది మాకు మాత్రమే కాదు. దక్కన్‌లో, కోస్తాలో పుట్టిన తెలుగు హిందువుకూ, తెలుగు ముస్లింకూ ఒకే వేటు పడింది. ఈ మాట మా దోస్తులకు చెప్పాలి. ఇండియన్స్ తీసుకుని ఆడుతున్న ఆ పిల్లవాడు కూడా ఆ ఫౌజులో లేడు. కాకపోతే ఆవూ, బ్రాహ్మణుడూ కనిపిస్తారు కాబట్టి తాను ఉన్నాననుకుంటున్నాడు.

ఇంకో ఆట ఉంది. 'ఎంపైర్: టోటల్ వార్'. బ్రిటన్‌వాళ్ళు చేసింది, 2009లో వచ్చింది. 1700తో మొదలవుతుంది. ఇది ఇంకాస్త గంభీరమైన ఆట, వేలమంది సైనికులు తెర మీద నడుస్తారు. ఇందులో యూరప్ కాల్బలానికి పేర్లు చేసే పనిని బట్టి ఉంటాయి. లైన్ ఇన్‌ఫాంట్రీ, లైట్ ఇన్‌ఫాంట్రీ, గ్రెనేడియర్లు, రైఫిల్‌మెన్. మన దగ్గరికి వచ్చేసరికి పేర్లు మతాన్ని బట్టి పెట్టారు. హిందూ మస్కెటీర్లు, ఇస్లామిక్ మస్కెటీర్లు. ఇంగ్లీషు పటాలాన్ని ప్రొటెస్టెంట్ తుపాకీదళం అని ఎందుకు అనలేదు? వాడికి పని ఉంది, మనకు మతం ఉంది. వాడు చెట్టు చాటు నుంచి ఆలోచించి కాలుస్తాడు. మనం దేవుడి పేరు మీద గుంపుగా పరుగెత్తుకొస్తాం. పైగా ఆ ఆట పెద్ద యుద్ధంలో మరాఠాలను తీసుకుని ఆడవచ్చు, మొఘలులను తీసుకోవడానికి వీల్లేదు. మొఘలులు ఓడించడానికే ఉన్నారు.

ఇక నిజం ఏమిటో చూడండి. మరాఠాల దగ్గర ఉన్న మేలైన తుపాకీ కాల్బలం ఎవరిది? ఇబ్రహీం ఖాన్ గార్దీది. దక్కనీ ముస్లిం. హైదరాబాదులో బుస్సీ దగ్గర ఫ్రెంచి కవాతు నేర్చాడు. బుస్సీ అంటే తెలుగువాళ్ళకు గుర్తే, 1757 బొబ్బిలి యుద్ధంలో ఉన్న బుస్సీయే. ఇబ్రహీం ఖాన్ తర్వాత నిజాం కొలువు వదిలి పీష్వా కొలువులో చేరాడు. 1760లో ఉద్గీర్ దగ్గర నిజామునే ఓడించడంలో పాలుపంచుకున్నాడు. 1761 జనవరి 14న పానిపట్టులో అబ్దాలీకి ఎదురు నిలబడ్డాడు. గాయాలతో పట్టుబడ్డాడు, చంపేశారు. అబ్దాలీ ముస్లిం, గార్దీ ముస్లిం, పీష్వా బ్రాహ్మణుడు, గార్దీ కింద నడిచినవాళ్ళలో తిలంగాలు. ఈ మనిషిని ఆ ఆటలో ఏ డబ్బాలో వేస్తారు? మా ఇలాకాకు నైరుతిగా యాదగిరి అవతల వాగినగేర ఉంది. 1705లో ఔరంగజేబు స్వయంగా వచ్చి ముట్టడించాడు. ఆ కోటను కాచింది బేడర్లు. మనం బోయలంటాం. గురికి పేరుపడ్డ కాల్బలం. ఆ ఆట నడిచే కాలమే అది, ఆ ఆట నడిచే దేశమే అది. కానీ బోయవాడి నేర్పు హిందూ అనే డబ్బాలో కరిగిపోతుంది, గార్దీ నేర్పు ఇస్లామిక్ అనే డబ్బాలో కరిగిపోతుంది.

వెల్లూరులో 1806 జూలై 10న ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే చాలు. మద్రాసు ఫౌజులో నొసట బొట్టు పెట్టకూడదు, గడ్డం ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు, కొత్త రకం తలపాగా పెట్టాలి అని ఉత్తర్వు వచ్చింది. బొట్టూ గడ్డమూ ఒకే కాగితంలో. సిపాయిలు కూడా ఒకే రాత్రి కలిసి తిరగబడ్డారు.

ఇంతదాకా వచ్చాక మా వాళ్ళనూ ఒక మాట అనాలి. లేకపోతే ఇది ఒకవైపు ఏడుపు అవుతుంది. నేను చదివి వినిపిస్తే మా బంధువొకాయన, పెద్దమనిషి, "మన్సబ్‌దార్ ఉన్నాడు గదా ఆటలో, ఇంకేం కావాలి?" అన్నాడు. ఉన్నాడు. చార్మినార్ కడితే దాంట్లోంచి మన్సబ్‌దార్లను తయారుచేసుకోవచ్చు. మన్సబ్‌దారు దగ్గర నిలబడితే అతని రకం సైనికుల బలం పెరుగుతుంది. దొర పక్కనుంటే కూలివాడికి ధైర్యం వస్తుందన్న మాట. ఇది ఆట నియమం. మా పెద్దమనిషి నమ్మకం కూడా ఇదే.

వికారాబాద్ పేరు పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. పాయిగాలకు నిజాం జాగీర్లు ఇచ్చింది తన సొంత ఫౌజును పోషించమని. అంటే ఈ చుట్టుపట్ల పండిన జొన్న, కంది ఎవరి గుర్రానికో దాణా అయ్యింది, ఎవరి సిపాయికో జీతమయ్యింది. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా ఇదే లెక్క. నవాబు పేరు రైల్వేస్టేషను బోర్డు మీద మిగిలింది. దాణా మోసినవాడి పేరు, పహరా తిరిగినవాడి పేరు ఏ బోర్డు మీదా లేదు. వాడి మనవలు తాండూరులో బండ కోస్తున్నారు, పంక్చర్లు వేస్తున్నారు, బట్టలు కుడుతున్నారు. వాళ్ళ పిల్లలకు మనం ఇంట్లో చెప్పేది మాత్రం నవాబుల దస్తర్‌ఖాన్‌ల గురించి. ఆటలో మాకు పాదుషా, మన్సబ్‌దారు, గోపురం తప్ప ఏమీ దొరకలేదని ఫిర్యాదు చేస్తున్నాం. మా ఇళ్ళల్లో మాత్రం పిల్లలకు అంతకంటే ఏం ఇచ్చాం?

ఒట్టోమన్స్ సంగతి కూడా తేల్చాలి, మావాడు అక్కడికే పారిపోయాడు కాబట్టి. 2005 ఆటలో మిగతా దేశాలు ఒక్కో పల్లెమనిషిని ఖర్చుపెట్టి తయారుచేసుకోవాలి. ఒట్టోమన్లకు మనుషులు ఖర్చు లేకుండా వాళ్ళంతట వాళ్ళే పుడుతుంటారు. ఇంకా వేగంగా పుట్టాలంటే, ఇంకా ఎక్కువమంది పుట్టాలంటే మసీదు కట్టి అందులో పరిశోధనలు చేయించాలి. నేను నవ్వాను మొదట. తర్వాత నవ్వు రాలేదు. అయిదుగురికి పాతికమంది అన్న నినాదాన్ని మా వయసువాళ్ళం ఎన్ని గోడల మీద చదివాం! ఆ నినాదం గురించి ఏమీ తెలియని అమెరికా కుర్రాళ్ళు ఆట నియమంగా అదే రాశారు. ముస్లిం అనగానే లెక్కలేని పుట్టుక, దానికి కేంద్రం మసీదు. మావాడు దేశంలో చోటు దొరక్క వెళ్ళిన ఇంట్లో కూడా వాడికోసం అదే వెక్కిరింత కాచుకుని ఉంది. వాడికది కనిపించలేదు. వాడికి జానిసరీలు కావాలి, వాళ్ళ వెనక అబుస్ గన్ పట్టుకున్న తేలిక కాల్బలం కావాలి. ఎక్కడో ఒకచోట తనలాంటి పేరున్నవాడు గురిచూసి కాలుస్తున్నాడు, చాలు.

కంపెనీ కూలికి తుపాకీ పట్టినవాళ్ళను నెత్తిన పెట్టుకుంటున్నారేమిటి అని అభ్యుదయవాద మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. తిలంగాలు టిప్పు మీదకూ పోయారు, మరాఠాల మీదకూ పోయారు. వాళ్ళు వీరులని నేను అనడం లేదు. హాజరుపట్టీలో పేరు ఉండాలంటున్నాను. ఎందుకంటే ఈ ఇలాకాలో ముస్లిం కాల్బలం అనగానే తెలుగు మనసుకు తట్టేది ఒక్కటే మాట: రజాకార్. ఆ దళం చేసిన దుర్మార్గాలను దాచేవాళ్ళం కాదు. షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపింది వాళ్ళే. కానీ 1948 సెప్టెంబర్ 13 నుంచి అయిదు రోజుల పోలీసు చర్యలో, ఆ తర్వాతి వారాల్లో ఏ దళంలోనూ లేని పల్లె ముస్లింలు చచ్చిపోయారు. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేలు. ఆ నివేదికను దశాబ్దాలపాటు జనం కంట పడనివ్వలేదు. 2024లో 'రజాకార్' అని సినిమా తీశారు. ఆ మాటకు అదొక్కటే ముఖం మిగిలింది. మా పిల్లవాడికి ఈ నేల మీద దొరికిన సిపాయి తాతలు ఎవరయ్యా అంటే, ఆటలో ఎవరూ లేరు, సినిమాలో రజాకార్లు.

మధ్యలో తుర్రేబాజ్ ఖాన్ ఉన్నాడు. 1857లో ఢిల్లీ మీదకు నడవమంటే కాదన్న జమేదార్ చీదా ఖాన్ హైదరాబాదుకు వస్తే పట్టుకుని రెసిడెన్సీలో పెట్టారు. జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రొహిల్లాలను వెంటబెట్టుకుని రెసిడెన్సీ మీద పడ్డారు. ఎదురుగా రెండు మేడలు. ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఇంకోటి జైగోపాల్ దాస్‌ది. ఆ రెండు మేడల చాటు నుంచి రాత్రంతా కాల్పులు. తేలిక కాల్బలం చేసే పని అంటే అదే. తెల్లారేసరికి కంపెనీ ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. తుర్రేబాజ్ ఖాన్‌ను 1859లో చంపారు, మౌల్వీ అండమాన్‌లో పోయాడు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఇండియా కథ కూడా 1857దే. అందులో కంపెనీ కొలువు వదిలి తిరగబడే సిపాయి నాయకుడి పేరు నానీబ్ సాహిర్. నానాసాహెబ్‌ను కుదిపి పెట్టినట్టున్న ఆ పేరు హిందువుదీ కాదు, ముస్లిందీ కాదు, ఏ ఊరిదీ కాదు. తిరుగుబాటును తిరుగుబాటుగా చూపించినందుకు ఆటవాళ్ళను మెచ్చుకుంటాను. కోఠీకి వెళ్ళి చూసినట్టయితే వాళ్ళకు నిజమైన పేర్లు, రెండు మేడలతో సహా దొరికేవి.

2022లో ఆ వరసలోని రెండో ఆటకు 'డైనాస్టీస్ ఆఫ్ ఇండియా' అని కొత్త భాగం వచ్చింది. అందులో హిందుస్తానీలు అని ఒక వర్గం, వాళ్ళకు వేగంగా పరుగెత్తే కాల్బలం ఒకటి. ఎట్టకేలకు ముస్లిం పేరు దొరికింది. గులాం! ఢిల్లీ గద్దె ఎక్కిన కుతుబుద్దీన్ కూడా గులామే కాబట్టి చరిత్ర తప్పని అనలేను. మా పేర్లలోనూ గులాం ఉంటుంది, గులాం రసూల్ అంటే ప్రవక్త సేవకుడని అర్థం. తెలుగులో మాత్రం గులాంగిరీ అంటే ఏమిటో అందరికీ తెలుసు. పేరు అడిగితే ఈ పేరు ఇచ్చారు.

మారవా ఇవి? మారతాయి. 2020లో మూడో ఆటను మళ్ళీ తయారుచేసినప్పుడు అమెరికా ఆదివాసుల విషయంలో మార్చారు. వాళ్ళతో మాట్లాడి, ఇరక్వా, సూ అన్న పరాయి పేర్లు తీసేసి హౌడెనొషోనీ, లకోటా అని వాళ్ళ సొంత పేర్లు పెట్టారు. అడిగినవాళ్ళున్నారు, మార్చారు. మన తరఫున ఎవరు అడిగారు?

మావాడికి ఇదంతా ఫోన్లో కొంత, ఎదురుగా కొంత చెప్పాను. తిలంగా అన్న మాట వాడికి నచ్చింది. మొన్న వాడే ఫోన్ చేశాడు. ఇండియన్స్ తీసుకుని ఆడాడట. ఆ ఆటలో సొంత నగరానికి ఇష్టమైన పేరు పెట్టుకోవచ్చు. ఢిల్లీ కొట్టేసి దోమ అని పెట్టాడట.

"సిపాయి పేరు మార్చరాదు మామూ. మస్తు చూసిన. ఆ ఆప్షన్ లేదు."

"మరి మీ దోస్తు?"

"వాడు ఒట్టోమన్స్ తీస్కున్నడు. రెండు సార్లు ఓడగొట్టిండు నన్ను."